జావా వెబ్ కంట్రోలర్లు: యూనిట్ పరీక్షలో మాక్‌ల వినియోగం



ప్రవేశ పరీక్షలకో, బ్యాంకు ఉద్యోగాలకో సిద్ధమయ్యే వారికి 'మాక్ టెస్ట్' అనే మాట కొత్త కాదు. అక్కడ పరీక్ష నమూనాది, రాసేది మాత్రం అసలు విద్యార్థి. ఈ పాఠంలో మనం చెప్పుకోబోయే మాక్ దీనికి భిన్నమైనది. ఇక్కడ పరీక్ష అసలుదే, పరీక్షకు కూర్చున్న ప్రోగ్రాము కూడా అసలుదే. దాని పక్కనుండి సాయం చేసే భాగం మాత్రమే నకిలీది.

నకిలీ సాయంతో జరిగే పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చు? ఎక్కడ నమ్మకూడదు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ పాఠం ఉద్దేశం. జావాలో క్లాసు, మెథడ్, కన్‌స్ట్రక్టర్ అంటే ఏమిటో మీకు తెలుసుననే భావనతో ముందుకు వెళదాం.

కంట్రోలర్ అంటే ఏమిటి?

రైల్వే స్టేషన్‌లో విచారణ కౌంటరును గుర్తు తెచ్చుకోండి. ప్రయాణికుడు వచ్చి రైలు ఎప్పుడొస్తుందని అడుగుతాడు. కౌంటరులోని ఉద్యోగి ప్రశ్న విని, సరిగా లేకపోతే మళ్ళీ అడగమంటాడు. సరిగా ఉంటే లోపలి విభాగాన్ని కనుక్కుని, వచ్చిన జవాబును ప్రయాణికుడికి అర్థమయ్యేలా చెబుతాడు. రైలు నడపడం ఆయన పని కాదు.

వెబ్ ప్రోగ్రాములో కంట్రోలర్ చేసే పని సరిగ్గా ఇదే. బ్రౌజరు నుంచి వచ్చిన అభ్యర్థనను అందుకుంటుంది. అందులోని విలువలను పరిశీలిస్తుంది. అసలు పనిని సర్వీస్ అనే మరో క్లాసుకు అప్పగిస్తుంది. సర్వీస్ ఇచ్చిన జవాబును బట్టి బ్రౌజరుకు ఒక స్థితి సంఖ్యను, కొంత సమాచారాన్ని పంపుతుంది. అంతా సవ్యంగా ఉంటే 200, అడిగిన తీరులోనే తప్పుంటే 400, అడిగినది లేకపోతే 404, సేవ తాత్కాలికంగా అందుబాటులో లేకపోతే 503. ఈ సంఖ్యలు ప్రపంచమంతటా ఒకే అర్థంతో వాడుకలో ఉన్నాయి.

మనందరికీ పరిచయమైన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. పరీక్షా ఫలితాలు వెలువడే రోజున విద్యార్థి తన హాల్‌టికెట్ నంబరు కొట్టి మార్కులు చూసుకుంటాడు. ఆ వెబ్‌సైట్‌ను మీరే రాస్తున్నారనుకోండి. అందులో 'రిజల్ట్ కంట్రోలర్' అనే క్లాసు ఉంది. అది 'రిజల్ట్ సర్వీస్' అనే క్లాసు మీద ఆధారపడుతుంది. సర్వీస్ డేటాబేస్ మీద ఆధారపడుతుంది. ఒక క్లాసు తన పని పూర్తి చేయడానికి ఏ క్లాసు సాయం కోరుతుందో దాన్ని మొదటి క్లాసుకు 'డిపెండెన్సీ' అంటారు. మన కంట్రోలర్‌కు రిజల్ట్ సర్వీస్ డిపెండెన్సీ అన్నమాట.

అసలు సర్వీస్‌తోనే ఎందుకు పరీక్షించకూడదు?

యూనిట్ పరీక్ష అంటే ప్రోగ్రాములోని ఒక చిన్న భాగాన్ని విడదీసి, అది ఒక్కటీ సరిగా పనిచేస్తోందో లేదో చూడడం. కంట్రోలర్‌ను అసలు సర్వీస్‌తో, అసలు డేటాబేస్‌తో కలిపి పరీక్షిస్తే మూడు ఇబ్బందులు ఎదురవుతాయి.

మొదటిది వేగం. డేటాబేస్‌తో కలిసిన పరీక్ష నెమ్మదిగా నడుస్తుంది. పరీక్షలు వందల్లో ఉంటే, ప్రోగ్రామరు వాటిని నడపడమే మానేస్తాడు.

రెండవది నిలకడ. నిన్న డేటాబేస్‌లో ఉన్న నంబరును ఈరోజు ఎవరో తొలగించి ఉండవచ్చు. అప్పుడు కంట్రోలర్‌లో ఏ తప్పూ లేకపోయినా పరీక్ష విఫలమవుతుంది. తప్పు ఎక్కడుందో వెతకడానికి పూట గడిచిపోతుంది.

మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. డేటాబేస్ పడిపోయినప్పుడు కంట్రోలర్ ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవాలి. ఫలితాల రోజున లక్షల మంది ఒకేసారి అడిగితే అటువంటి పరిస్థితి రావచ్చు. కానీ అసలు డేటాబేస్‌ను మనం కోరినప్పుడు కోరినట్లు పడిపోయేలా చేయడం అంత సులువు కాదు. నకిలీ సర్వీస్ అయితే 'ఇప్పుడు విఫలమవు' అని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు.

సినిమాలో డూపు, పరీక్షలో మాక్

సినిమాలో కథానాయకుడు మేడ మీద నుంచి దూకే దృశ్యంలో ఆయన బదులు డూపు దూకుతాడన్న సంగతి మీకు తెలుసు. జెరార్డ్ మెస్జారోస్ అనే రచయిత 2007లో వెలువరించిన గ్రంథంలో, పరీక్షల్లో వాడే నకిలీ వస్తువులన్నిటికీ కలిపి 'టెస్ట్ డబుల్' అని పేరు పెట్టాడు. ఆ పేరుకు మూలం సినిమాల్లోని ఈ డూపే.

టెస్ట్ డబుల్స్‌లో రకాలున్నాయి. మనకు ఇక్కడ కావలసినవి రెండు. అడిగిన ప్రశ్నకు ముందే నేర్పిన జవాబు చెప్పేది 'స్టబ్'. తనను ఎవరు, ఏ విలువతో, ఎన్నిసార్లు పిలవాలో ఆశించి, అలాగే జరిగిందా అని సరిచూడడానికి ఉపయోగపడేది 'మాక్'. నిత్య వ్యవహారంలో ప్రోగ్రామర్లు రెండింటినీ మాక్ అనే అంటుంటారు.

ఈ పద్ధతి చరిత్ర పెద్దదేమీ కాదు. జావాలో యూనిట్ పరీక్షలకు వాడే జేయూనిట్‌ను కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో విమాన ప్రయాణంలో కూర్చుని మొదలుపెట్టారు. మాక్ ఆబ్జెక్టుల ఆలోచనను టిమ్ మెకినన్, స్టీవ్ ఫ్రీమన్, ఫిలిప్ క్రెయిగ్ 2000లో ఒక సదస్సు పత్రంలో వివరించారు. నేడు జావాలో విస్తృతంగా వాడే మాకిటో అనే లైబ్రరీ ఆ తరువాత కొన్నేళ్ళకు వచ్చింది.

నకిలీ లోపలికి వెళ్ళే దారి

మాక్‌ను వాడాలంటే ముందు కంట్రోలర్ అందుకు వీలుగా ఉండాలి. గోడకు హోల్డరు ఉంటే బల్బు విప్పి మరొకటి పెట్టవచ్చు. బల్బును నేరుగా తీగలకు అతికిస్తే మార్చడం కష్టం. కంట్రోలర్ తన లోపలే 'న్యూ' అనే పదంతో రిజల్ట్ సర్వీస్‌ను సృష్టించుకుంటే అది అతికించిన బల్బు వంటిది. అలా కాకుండా, సర్వీస్‌ను కన్‌స్ట్రక్టర్ ద్వారా బయటినుంచి తీసుకుంటే అది హోల్డరు వంటిది. వాడుకలో ఉన్నప్పుడు అసలు సర్వీస్‌ను ఇస్తాము, పరీక్షలో మాక్‌ను ఇస్తాము. కంట్రోలర్‌కు తేడా తెలియదు. దీనినే 'డిపెండెన్సీ ఇంజెక్షన్' అంటారు. జావాలో స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ ఈ పనిని మన తరఫున చేసిపెడుతుంది.

నాలుగు పరీక్షలు

మన రిజల్ట్ సర్వీస్‌లో 'వెతుకు' అనే మెథడ్ ఉందనుకుందాం. దానికి హాల్‌టికెట్ నంబరు ఇస్తే, ఫలితం ఉంటే ఇస్తుంది, లేకపోతే 'ఖాళీ' అని చెబుతుంది. ఇలా 'ఉండవచ్చు, లేకపోవచ్చు' అని చెప్పడానికి జావాలో 'ఆప్షనల్' అనే క్లాసు ఉంది. ఇక మన కంట్రోలర్‌కు కనీసం నాలుగు పరీక్షలు కావాలి. ప్రతి పరీక్షలోనూ మూడు మెట్లుంటాయి: ముందు ఏర్పాటు, తరువాత చర్య, చివర నిర్ధారణ.

1. ఫలితం ఉన్నప్పుడు. మాకిటోలో 'వెన్', 'దెన్ రిటర్న్' అనే మెథడ్లతో మాక్‌కు జవాబు నేర్పుతాము. ఈ నంబరుతో వెతుకు అని పిలిస్తే, 872 మార్కులున్న ఈ ఫలితాన్ని ఇవ్వు అని దాని అర్థం. ఇది ఏర్పాటు. కంట్రోలర్‌కు అదే నంబరుతో అభ్యర్థన పంపడం చర్య. జవాబు 200 అని, అందులోని మార్కులు 872 అని చూడడం నిర్ధారణ.

2. ఫలితం లేనప్పుడు. మాక్‌కు 'ఖాళీ' అనే జవాబు నేర్పుతాము. కంట్రోలర్ 404 పంపాలి.

3. సర్వీస్ విఫలమైనప్పుడు. 'దెన్ థ్రో' అనే మెథడ్‌తో మాక్ ఒక ఎక్సెప్షన్‌ను విసిరేలా చేస్తాము. కంట్రోలర్ 503 పంపి, కాసేపటి తరువాత ప్రయత్నించమనాలి. ఫలితం లేదని మాత్రం చెప్పకూడదు. తెర ముందు ఆత్రంగా కూర్చున్న విద్యార్థికి 'ఇప్పుడు చెప్పలేము' అనడానికీ, 'నీ ఫలితం లేదు' అనడానికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి.

4. నంబరే తప్పుగా ఉన్నప్పుడు. పది అంకెలకు బదులు అక్షరాలు కొడితే కంట్రోలర్ 400 పంపాలి. దీనితోపాటు మరొకటి సరిచూడాలి. 'వెరిఫై' అనే మెథడ్‌తో, సర్వీస్‌ను ఒక్కసారి కూడా పిలవలేదని నిర్ధారించుకోవాలి. తప్పు ప్రశ్నలను గుమ్మంలోనే ఆపడం కంట్రోలర్ బాధ్యత కదా!

నేరుగా పిలవడమా, మాక్ఎంవీసీ ద్వారానా?

కంట్రోలర్ కూడా ఒక జావా క్లాసే కాబట్టి దాని మెథడ్‌ను పరీక్షలో నేరుగా పిలవవచ్చు. ఇది చాలా వేగంగా జరుగుతుంది. అయితే ఇందులో ఒక లోటు ఉంది. ఏ చిరునామాకు వచ్చిన అభ్యర్థన ఏ మెథడ్‌కు చేరాలి, నంబరుకు పది అంకెలు ఉండాలి, ఎక్సెప్షన్ వస్తే 503గా మార్చాలి వంటి నియమాలను స్ప్రింగ్‌లో ఎక్కువగా అనొటేషన్ల రూపంలో, విడి క్లాసుల్లో రాస్తాము. మెథడ్‌ను నేరుగా పిలిస్తే ఆ నియమాలేవీ నడవవు. చిరునామాలో ఒక అక్షరం తప్పు పడినా ఆ పరీక్ష పట్టుకోలేదు.

ఈ లోటు తీర్చడానికి స్ప్రింగ్ 3.2 నుంచి 'మాక్ఎంవీసీ' అనే సాధనం అందులో భాగమైంది. ఇది నిజమైన సర్వరును నడపకుండానే, అభ్యర్థన స్ప్రింగ్ నియమాలన్నిటి గుండా వెళ్ళేలా చేస్తుంది. స్ప్రింగ్ బూట్‌లో 'వెబ్ఎంవీసీటెస్ట్' అనే అనొటేషన్ పెడితే వెబ్‌కు సంబంధించిన భాగం మాత్రమే తయారవుతుంది, సర్వీస్ తయారు కాదు. ఆ ఖాళీలో మనం మాక్‌ను పెట్టాలి. ఇందుకు చాలాకాలం 'మాక్‌బీన్' అనే అనొటేషన్ వాడేవారు. 2024లో స్ప్రింగ్ బూట్ 3.4 నుంచి దాని స్థానంలో 'మాకిటోబీన్' వాడమని సూచించారు. పాత పుస్తకాల్లో మొదటిది కనిపిస్తే తికమక పడకండి. పైన చెప్పిన నాలుగు పరీక్షలను మాక్ఎంవీసీతో రాయడమే మంచిది.

నేర్పని ప్రశ్నకు మాక్ ఏమంటుంది?

ఇప్పటివరకు మాక్ మంచితనాన్ని చూశాం. ఇక జాగ్రత్త పడవలసిన చోటుకు వచ్చాం.

మనం ఏ జవాబూ నేర్పని ప్రశ్నను మాక్‌ను అడిగితే ఏమవుతుంది? 'నాకు తెలియదు' అని అది గొడవ చేయదు. మాకిటోలో మామూలుగా తయారుచేసిన మాక్, సంఖ్య ఇవ్వవలసిన చోట సున్నా ఇస్తుంది. అవును-కాదు అని చెప్పవలసిన చోట 'కాదు' అంటుంది. జాబితా ఇవ్వవలసిన చోట ఖాళీ జాబితాను, ఆప్షనల్ ఉన్నచోట 'ఖాళీ'ని ఇస్తుంది. మిగిలిన వస్తువులకు చాలావరకు 'నల్' ఇస్తుంది.

ఇందులో ప్రమాదం ఎక్కడుందో చూద్దాం. ఒక విద్యార్థి సర్వీస్‌ను వేరే విధంగా రాశాడనుకోండి. అతని సర్వీస్‌లో 'మొత్తం మార్కులు' అనే మెథడ్ ఉంది. అది ఆప్షనల్ కాక, నేరుగా ఒక సంఖ్యను ఇస్తుంది. పరీక్షలో అతను 0824105317 అనే నంబరుకు 872 అనే జవాబు నేర్పాడు. కానీ కంట్రోలర్‌లో ఒక పొరపాటు దొర్లింది. హాల్‌టికెట్ నంబరును అక్షరమాలగా ఉంచకుండా, మధ్యలో ఒకసారి సంఖ్యగా మార్చి మళ్ళీ అక్షరమాలగా చేశాడు. సంఖ్యకు మొదట ఉన్న సున్నాకు విలువ లేదు కనుక అది ఎగిరిపోయింది. కంట్రోలర్ సర్వీస్‌ను 824105317 అనే నంబరుతో పిలిచింది.

ఆ నంబరుకు మాక్‌కు ఎవరూ జవాబు నేర్పలేదు. అది నిశ్శబ్దంగా సున్నా ఇచ్చింది. కంట్రోలర్ 'మొత్తం మార్కులు 0' అని 200తో పంపింది. మన విద్యార్థి నిర్ధారణలో 200 వచ్చిందా లేదా అన్నది మాత్రమే చూశాడు. వచ్చింది. పరీక్ష నెగ్గినట్లు పచ్చగీత కనిపించింది!

సున్నా అంటే మాటలు కాదు. 2019లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినప్పుడు ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చినట్లు చూపారు. జవాబుపత్రాన్ని మళ్ళీ పరిశీలిస్తే ఆమెకు వచ్చినవి 99 మార్కులు. అది మార్కులు నమోదు చేసే దశలో మనిషి చేసిన పొరపాటు, వెబ్ కంట్రోలర్‌తో దానికి సంబంధం లేదు. అయినా మనం గ్రహించవలసిన విషయం అందులో ఉంది. 'సున్నా వచ్చింది' అన్న మాటకూ, 'ఏమి వచ్చిందో తెలియదు' అన్న మాటకూ మధ్య తేడాను ప్రోగ్రాము చెరిపేయకూడదు. ఆ తేడాను మాక్ చెరిపేస్తున్నా పట్టుకోలేని పరీక్ష వల్ల ప్రయోజనం లేదు.

దీనికి మూడు నివారణలున్నాయి.

ఒకటి, స్థితి సంఖ్యతో ఆగకుండా జవాబులోని విలువను కూడా నిర్ధారించండి. 872 రావాలని రాసి ఉంటే సున్నా వెంటనే దొరికిపోయేది.

రెండు, మాక్‌కు జవాబు నేర్పేటప్పుడు ఖచ్చితమైన నంబరును ఇచ్చి, మాకిటోలోని 'స్ట్రిక్ట్ స్టబ్స్' అనే కఠిన పద్ధతిని వాడండి. జేయూనిట్ 5తో మాకిటో ఎక్స్‌టెన్షన్‌ను వాడితే ఇది దానంతట అదే అమలులో ఉంటుంది. ఒక నంబరుకు నేర్పి మరో నంబరుతో పిలిస్తే అది పరీక్షను ఆపి చెబుతుంది. కానీ సులువుగా ఉందని 'ఏ నంబరైనా సరే, 872 ఇవ్వు' అని నేర్పితే ఈ కాపలా పనిచేయదు. సున్నా ఎగిరిపోయినా 872 వస్తుంది, తప్పు దాగిపోతుంది.

మూడు, సర్వీస్ రూపకల్పననే మార్చండి. మొదట చెప్పినట్లు ఆప్షనల్ ఇచ్చే మెథడ్ ఉంటే, నేర్పని ప్రశ్నకు మాక్ 'ఖాళీ' అంటుంది, కంట్రోలర్ 404 పంపుతుంది, 200 ఆశించిన పరీక్ష అక్కడే విఫలమవుతుంది. పరీక్షించడానికి సులువైన రూపకల్పన వాడుకలోనూ ఎక్కువ భద్రమైనది కావడం తరచుగా చూస్తాం.

మాక్ ఒకటంటే, అసలుది మరొకటంటే?

మరో రకం పొరపాటు ఇంకా సూక్ష్మమైనది. ఫలితం లేకపోతే సర్వీస్ 'ఖాళీ' ఇస్తుందని మీరు అనుకున్నారు. మాక్‌కు అదే నేర్పారు. కానీ సర్వీస్ రాసిన మీ మిత్రుడు, ఫలితం లేకపోతే ఎక్సెప్షన్ విసిరేలా రాశాడు. మీ పరీక్షలు నెగ్గాయి. అతని పరీక్షలూ నెగ్గాయి. రెండూ కలిపి నడిపితే మాత్రం, తప్పు నంబరు కొట్టిన ప్రతి ఒక్కరికీ 404కు బదులు 503 కనిపిస్తుంది.

ఇక్కడ తప్పు ఎవరిది? ఇద్దరిదీ, ఎవరిదీ కాదు. మాక్‌కు మీరు నేర్పిన ప్రతి జవాబూ, అసలు సర్వీస్ ఇలా ప్రవర్తిస్తుందని మీరు రాసుకున్న ఒక నమ్మకం. ఆ నమ్మకం నిజమని మాక్ రుజువు చేయలేదు. అది నిజమైతే కంట్రోలర్ సరిగా నడుస్తుందని మాత్రమే మీ పరీక్ష చెబుతుంది.

కాబట్టి ఆ నమ్మకాన్ని మరోచోట సరిచూడాలి. సర్వీస్‌కు దాని సొంత యూనిట్ పరీక్షలుండాలి. వాటితోపాటు అన్ని భాగాలను కలిపి, నిజమైన డేటాబేస్‌తో నడిపే సమగ్ర పరీక్షలు కొన్ని ఉండాలి. 'టెస్ట్‌కంటైనర్స్' అనే లైబ్రరీతో పరీక్ష సాగినంతసేపు మాత్రమే ఉండే డేటాబేస్‌ను సృష్టించుకోవచ్చు. ఇవి నెమ్మదిగా నడుస్తాయి కనుక కొన్ని చాలు. మాక్‌లతో రాసిన వేగమైన పరీక్షలు ఎక్కువ, సమగ్ర పరీక్షలు తక్కువ. కానీ రెండూ ఉండాలి.

వేటిని మాక్ చేయకూడదు?

మాక్ చేయడం చేతికి అలవాటైతే అన్నిటినీ మాక్ చేయాలనిపిస్తుంది. అది మంచిది కాదు. 'ఫలితం' వంటి కేవలం విలువలు మోసే వస్తువును మాక్ చేయవద్దు. అసలుదాన్నే సృష్టించడం సులువు. జావాలోని స్ట్రింగ్, లిస్ట్ వంటి వాటి జోలికి పోవద్దు. ఇతరులు రాసిన లైబ్రరీని నేరుగా మాక్ చేయకుండా, దానికి ముందు మీ సొంత ఇంటర్‌ఫేస్ ఒకటి పెట్టి దాన్ని మాక్ చేయండి. వారి ప్రోగ్రాము ఎప్పుడు ఎలా మారుతుందో మీ అదుపులో ఉండదు కదా!

పదేపదే 'వెరిఫై' చేయడం కూడా మంచిది కాదు. కంట్రోలర్ లోపల వేసే ప్రతి అడుగునూ పరీక్షలో రాస్తే, బయటికి కనిపించే ఫలితం మారకపోయినా, లోపల చిన్న మార్పు చేయగానే పరీక్షలు విఫలమవుతాయి. పిలవడమో, పిలవకపోవడమో తప్పనిసరి నియమమైన చోటనే వెరిఫై వాడండి. మన నాలుగవ పరీక్ష అటువంటిది.

సారాంశం

కంట్రోలర్ ప్రశ్న విని, సర్వీస్‌కు అప్పగించి, జవాబు చేరవేస్తుంది. సర్వీస్ స్థానంలో మాక్‌ను పెడితే పరీక్ష వేగంగా, నిలకడగా సాగుతుంది. అరుదైన వైఫల్యాలను కూడా కోరినప్పుడు చూడవచ్చు. అయితే నేర్పని ప్రశ్నకు మాక్ సున్నాతోనో, ఖాళీతోనో, నల్‌తోనో సరిపెడుతుంది. నేర్పిన జవాబు నిజమో కాదో దానికి తెలియదు. పచ్చగీత చూసినప్పుడల్లా ఈ ప్రశ్న వేసుకోండి: ఈ పరీక్ష నెగ్గడానికి కారణం నా కంట్రోలరా, నేను మాక్‌కు నేర్పిన మాటలా?

అభ్యాసం

1. స్టబ్‌కు, మాక్‌కు భేదమేమిటి? పాఠంలోని నాలుగు పరీక్షల్లో ఏది ఏ కోవకు చెందుతుంది?
2. 'ఏ నంబరైనా సరే' అని మాక్‌కు నేర్పడం వల్ల దాగిపోయే పొరపాటును మరో ఉదాహరణతో వివరించండి.
3. ఫలితం నిలిపివేసిన విద్యార్థికి కంట్రోలర్ ఏ జవాబు పంపాలి? దానికి ఐదవ పరీక్షను మూడు మెట్లుగా రాయండి.
4. మీరు రాసిన ఏదైనా పరీక్షలో, కంట్రోలర్‌లోని ఒక వాక్యాన్ని కావాలని తప్పుగా మార్చి చూడండి. పరీక్ష విఫలమయిందా? కాకపోతే ఎందుకు కాలేదో కనుక్కోండి.